విమోచన క్రయధనం ఎవరికి చెల్లించారు? మార్కు 10:45, రోమా 3:25 మీద చర్చ

ఎమ్మాయు దారి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పెద్దల బైబిలు తరగతి కోసం ప్రాయశ్చిత్తం మీద నాలుగు పాఠాలు సిద్ధం చేయాలి. మొదటి పాఠంలోనే ఈ మూడు ప్రశ్నలు ఎవరో ఒకరు అడిగి తీరతారు.

ఒకటి: మార్కు 10:45లో యేసు తన ప్రాణాన్ని "అనేకులకు ప్రతిగా విమోచన క్రయధనముగా" ఇస్తానంటాడు. క్రయధనం అంటే వెల. వెల ఉందంటే పుచ్చుకునేవాడు ఉండాలి. పుచ్చుకున్నది ఎవరు, సాతానా, తండ్రా?

రెండు: తండ్రే పుచ్చుకుంటే, బాకీ మొత్తం రాబట్టుకుని వదిలిపెట్టడాన్ని క్షమాపణ అని ఎలా అంటాం?

మూడు: 1 తిమోతి 2:6 ప్రకారం అది అందరి కొరకు. మరి అందరి బాకీ తీరిపోయినట్టేనా?

"అది మర్మం, నమ్మితే చాలు" అనే జవాబు తరగతిలో నిలబడదు. వచనం, పదం, సంఘ చరిత్ర చూపిస్తూ చెప్పండి.

కరుణాపీఠం

బ్రదర్, గ్రీకు కంటే ముందు హెబ్రీలో మొదలుపెట్టండి. "క్రయధనం" వెనక ఉన్న ముఖ్యమైన మాట కోఫెర్, పోవలసిన ప్రాణానికి బదులు ఇచ్చే వెల.

నిర్గమ 21:28-30 చూడండి. పొడిచే ఎద్దు అని ముందే హెచ్చరించినా యజమాని కట్టెయ్యలేదు, అది మనిషిని చంపింది. ఎద్దును రాళ్లతో కొట్టాలి, యజమానీ చావాలి. కానీ అతని మీద కోఫెర్ విధిస్తే, విధించినంతా ఇచ్చి ప్రాణం దక్కించుకోవచ్చు. అంటే ప్రాణం పోవలసిందే, అది న్యాయం. దాని బదులు సొమ్ము తీసుకోవడమన్నది నేరస్థుడి హక్కు కాదు, ఒప్పుకున్నవాళ్ల దయ. సంఖ్యా 35:31 కావాలని చంపిన నరహంతకుడికి ఆ దారి కూడా మూసేసింది.

ఇప్పుడు నిర్గమ 30:12-16. జనాభా లెక్కలో 20 ఏళ్లు, ఆపై వయసున్న ప్రతి మగవాడూ తన ప్రాణానికి కోఫెర్‌గా అర తులం వెండి ఇవ్వాలి. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. ఆ వెండి ఏమైందో 38:25-28 లెక్కతో సహా చెబుతుంది. 6,03,550 మంది, తలకు అర తులం, మొత్తం 100 తలాంతుల 1,775 తులాలు. తలాంతుకు 3,000 తులాలు వేసుకుంటే లెక్క సరిగ్గా కుదురుతుంది. ఆ 100 తలాంతులతో 100 దిమ్మలు పోతపోశారు, పరిశుద్ధస్థలానికీ అడ్డతెరకూ అడుగున నిలిచినవి అవే. మిగిలిన 1,775 తులాలు స్తంభాల వంకులకూ, బోదెల రేకులకూ, పెండెబద్దలకూ సరిపోయాయి.

మీ రెండో ప్రశ్నకు జవాబు సగం ఇక్కడే ఉంది. అర తులం వెండి ఒక ప్రాణానికి సరితూగదు. తూగకపోయినా దేవుడు దాన్ని అంగీకరించాడు, ఆ వెండినే ప్రజల మధ్య తాను నివసించే గుడారానికి పునాది చేశాడు. కోఫెర్ అన్న మాటలో వెలా ఉంది, క్షమా ఉంది. ఒకటి ఉంటే రెండోది ఉండదన్నది మన బజారు లెక్క.

పత్మాసు

మొదటి ప్రశ్నకు చరిత్ర చెబుతాను. "సాతానుకు" అన్న జవాబు చాలా పాతది. 3వ శతాబ్దంలో వేదపండితుడు ఆరిజెన్ తన మత్తయి వ్యాఖ్యానంలో ఆ దారి పట్టాడు: మనల్ని పట్టి ఉంచినవాడు వాడే, వెల అడిగినవాడూ వాడే, కానీ యేసు ప్రాణాన్ని వాడు పట్టి ఉంచలేకపోయాడు. 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగరీ దీనికి గాలం ఉపమానం చేర్చాడు. మానవత్వం ఎర, దైవత్వం కొక్కెం, సాతాను ఎర మింగి చిక్కుకున్నాడు. అగస్టీను ఎలుకబోను అన్నాడు.

దీన్ని కొట్టిపారేసింది ఎక్కడో తర్వాతి కాలంవాళ్లు అనుకోకండి. నిస్సా గ్రెగరీ స్నేహితుడే అయిన నజియాన్జస్ గ్రెగరీ తన 45వ ప్రసంగంలో నేరుగా అడిగాడు. దుష్టునికా? దోపిడీదారుడికి దేవుడినే వెలగా ఇవ్వడం ఎంత అవమానం! తండ్రికా? మనల్ని బంధించింది ఆయన కాదు కదా, పైగా ఇస్సాకును కూడా పుచ్చుకోకుండా బదులు పొట్టేలునిచ్చిన తండ్రి ఏకైక కుమారుడి రక్తంలో ఎలా సంతోషిస్తాడు? చివరికి ఆయన చెప్పింది ఇది: తండ్రి అంగీకరించాడు, కానీ అడిగి కాదు, అవసరమై కాదు. మనిషి దేవుని మానవత్వం చేత పరిశుద్ధుడు కావాలి గనుక.

తూర్పు (ఆర్థడాక్స్) సంఘాలు నేటికీ ఇక్కడే నిలబడ్డాయి. "ఎవరికి" అన్న ప్రశ్న ఉపమానాన్ని అది చెప్పదలచినదాని కంటే ముందుకు లాగుతుంది. నిర్గమ 6:6లో యెహోవా ఇశ్రాయేలును విడిపిస్తానంటాడు. ఫరోకు ఒక్క రూక ముట్టిందా? యెషయా 52:3 "రూకలియ్యకయే మీరు విమోచింపబడెదరు" అని తేటగా చెబుతోంది.

తీతు

పత్మాసు గారు, ఫరోకు ఏమీ ముట్టలేదన్నది నిజమే. కానీ దాంతో "ఎవరికీ కాదు" అని తేలదు. ఐగుప్తు తొలిచూలు చచ్చిన పస్కా రాత్రి ఇశ్రాయేలు ఇళ్లలో బదులుగా గొర్రెపిల్ల చచ్చింది. తర్వాత తొలిచూలు వాళ్లందరూ తనవాళ్లని దేవుడు అన్నాడు. వాళ్ల విడుదల లెక్క సంఖ్యా 3:39-51లో ఉంది.

తొలిచూలు మగవాళ్లు 22,273 మంది, లేవీయులు 22,000 మంది. ఒక్కొక్కరికి ఒక్కో లేవీయుడు బదులు. మిగిలిన 273 మందికి తలకు 5 తులాలు, మొత్తం 1,365 తులాలు. ఎవరికి ఇచ్చారు? అహరోనుకూ అతని కుమారులకూ, యెహోవా మాట చొప్పున. ఇక సెప్టువజింటులో, అంటే పాత నిబంధన ప్రాచీన గ్రీకు అనువాదంలో, సంఖ్యా 3:12 తీయండి. తొలిచూలు వాళ్లకు "అంటి", అంటే బదులుగా, లేవీయులు. వాళ్లే "లుట్రా", అంటే క్రయధనం. మార్కు 10:45లోని "లుట్రోన్ అంటి" అన్న జత అక్కడ ముందే ఉంది. ప్రభువు మాటకు నేపథ్యం సాతాను బోను కంటే ఈ గుడారపు లెక్కకే చాలా దగ్గర. మనిషికి బదులు మనిషి, పుచ్చుకున్నది దేవుడు.

అంటి అంటే "మేలు కోసం" అనే కదా అని కొందరు వాదిస్తారు. మత్తయి 2:22లో హేరోదుకు బదులు అర్కెలాయు ఏలుతున్నాడు. లూకా 11:11లో చేపకు బదులు పాము. మామూలు వాడుకలో ఆ మాటకు అర్థం స్థానం మారడమే.

ఇంకో హెచ్చరిక. మధ్యయుగపు వేదాంతి అన్సెల్మునూ 16వ శతాబ్దపు సంస్కర్త కాల్వినునూ ఒకే గంపలో వేయకండి, పాఠాల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే. 1098లో పూర్తయిన అన్సెల్ము పుస్తకంలో వాదం ఇది: పాపం దేవుని గౌరవాన్ని ఎగ్గొట్టడం, కాబట్టి పరిహారమైనా ఉండాలి, లేదా శిక్షైనా ఉండాలి. క్రీస్తు ఇచ్చింది పరిహారం, అందుకే శిక్ష తప్పింది. సంస్కర్తల మాట వేరు: క్రీస్తు ఆ శిక్షనే మోశాడు. అక్కడ శిక్షకు ప్రత్యామ్నాయం, ఇక్కడ శిక్షలో ప్రత్యామ్నాయం. రెంటినీ కలిపి "పాశ్చాత్య సిద్ధాంతం" అని ఒక్క దెబ్బతో కొడితే ఏదీ సరిగా తగలదు.

బెరయ

దేవుడు క్రీస్తును "కరుణాధారముగా" బయలుపరచాడనే రోమా 3:25 గురించి ఇంకా ఎవరూ రాయలేదు కాబట్టి నేను మొదలుపెడతాను. మన తెలుగు పాత అనువాదం చదివేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఒకే గ్రీకు ధాతువు మనకు ఐదారు వేషాల్లో కనిపిస్తుంది.

రోమా 3:25లో హిలాస్టేరియోన్, "కరుణాధారము".
హెబ్రీ 9:5లో అదే హిలాస్టేరియోన్, "కరుణాపీఠము".
1 యోహాను 2:2లో హిలాస్మోస్, "శాంతికరము".
1 యోహాను 4:10లో అదే హిలాస్మోస్, "ప్రాయశ్చిత్తము".
హెబ్రీ 2:17లో క్రియారూపం, "పరిహారము".
లూకా 18:13లో సుంకరి ప్రార్థన కూడా అదే క్రియ, "కరుణించుము".

ఇవి ఒకే కుటుంబమని తెలుగు చదువరికి తెలిసే దారి లేదు. "కోపం చల్లార్చడమా, పాపం తుడిచివేయడమా" అన్న వాదం సగం ఇలాంటి పదాల మీదే నడిచింది. 1931లో బైబిలు పండితుడు సి. హెచ్. డాడ్, సెప్టువజింటులో ఈ క్రియకు కర్మ దేవుడు కాదు, పాపమే, కాబట్టి దీని అర్థం మలినం తుడవడం అని రాశారు. 1955లో మరో పండితుడు లియోన్ మారిస్ దానికి సవివరంగా జవాబిచ్చారు: పౌలు రోమా 1:18లో దేవుని కోపంతో మొదలుపెట్టి 3:20 వరకు దాన్ని వదలలేదు, 3:25లో ఆ కోపానికి జవాబు లేకపోతే వాదం గాలిలో ఉండిపోతుంది అని.

నా అభిప్రాయం, ధాతువు మీద తీర్పు చెప్పకూడదు, సందర్భం మీద చెప్పాలి. ఆదికాండం 32:20లో యాకోబు ఏశావు కోపాన్ని కానుకతో సమాధానపరచాలనుకుంటాడు, అక్కడ హెబ్రీ క్రియ కిప్పెర్, అర్థం నిస్సందేహంగా శాంతింపజేయడమే. లేవీ 16:16లో అదే కిప్పెర్ పరిశుద్ధస్థలానికి చేస్తారు. గదికి కోపం రాదు కదా, అక్కడ అర్థం శుద్ధి. రెండు చోట్లా మాట ఒకటే, పని వేరు.

కరుణాపీఠం

బెరయ సిస్టర్ లేవీ 16 ఎత్తారు కాబట్టి క్రమం రాస్తున్నాను. ప్రసంగాల్లో రెండు మేకలు కలిసిపోయి ఒక మేక అవుతున్నాయి, అక్కడి నుంచే సగం గందరగోళం.

ఏడో నెల 10వ రోజు, ప్రాయశ్చిత్త దినం. ప్రధానయాజకుడు స్నానం చేసి నార బట్టలు వేసుకుంటాడు. ముందు తన కోసం కోడె. నిప్పులతో ధూపార్తి, రెండు గుప్పిళ్ల మెత్తని ధూపద్రవ్యం, ఆ పొగ కరుణాపీఠాన్ని కమ్మాలి, లేకపోతే అతను చస్తాడు (16:13). కరుణాపీఠం అంటే మందసం పైమూత. కోడె రక్తం వేలితో దాని తూర్పు పక్కన, తర్వాత దాని ముందు ఏడుసార్లు చిలకరిస్తాడు. ఆ తర్వాత రెండు మేకల్లో చీటి ప్రకారం యెహోవా వంతుకు వచ్చిన మేకను వధించి ఆ రక్తంతోనూ అలాగే. తర్వాత గుడారం, తర్వాత బయటి బలిపీఠం కొమ్ములు. ఇదంతా అయ్యాకే (16:20) బతికున్న మేకను తెస్తారు. దాని తల మీద రెండు చేతులూ పెట్టి, పాపాలు ఒప్పుకుని, ఒక మనిషి వెంట అరణ్యానికి పంపుతారు.

చూశారా? పాపాలు మోసిన మేక చావదు. చచ్చిన మేక మీద పాపాల ఒప్పుకోలు చెప్పరు. "మన పాపాలు మేక మీద మోపి దాన్ని శిక్షించి చంపారు" అన్న వాక్యం ఈ అధ్యాయంలో ఎక్కడా లేదు. చచ్చిన మేక రక్తం చేసే పని శుద్ధి, బతికిన మేక చేసే పని దూరంగా మోసుకుపోవడం.

పత్మాసు

దీనికి ఒక్క వచనం చేరుస్తాను, లేవీ 5:11-13. రెండు గువ్వలకు కూడా గతిలేనివాడు తూమెడు గోధమపిండిలో పదోవంతు తెస్తే చాలు. నూనె పోయరు, సాంబ్రాణి వేయరు, అది పాపపరిహారార్థబలి గనుక. యాజకుడు ఒక పిడికెడు దహిస్తాడు, "అతనికి క్షమాపణ కలుగును". బలి అంటే పాపికి బదులు శిక్ష అయితే, పిండిని శిక్షించడం ఎలా? శిక్షా ప్రత్యామ్నాయ సిద్ధాంతం, అంటే క్రీస్తు మన శిక్షనే మోశాడన్న బోధ, లేవీకాండం నుంచి పుట్టలేదు, న్యాయస్థానం నుంచి పుట్టి లేవీకాండంలోకి వచ్చింది.

తీతు

రెండు మేకల వరస ఒప్పుకుంటాను, ఆ పొరపాటు మా వైపు వాళ్లే ఎక్కువ చేస్తారు. కానీ 16:5 ఏమంటుందో చూడండి, రెండు మేకలూ కలిపి ఒకే పాపపరిహారార్థబలి. 16:10 బతికున్న మేక విషయంలోనూ ప్రాయశ్చిత్తం అన్న మాటే వాడుతుంది. వాటిని విడదీసి చదవాలి, నిజమే, విడగొట్టకూడదు.

పిండి గురించి: హెబ్రీ 9:22 రాసినవారికి లేవీ 5 తెలుసు. అందుకే "సామాన్యముగా చెప్పవచ్చును" అన్న మాట వేశారు. చాలామంది ఆ వచనాన్ని కంఠతా చెబుతూ ఆ మాటకు ముందే ఆపేస్తారు. పేదవాడి కోసం ఇచ్చిన వెసులుబాటు నియమాన్ని రద్దు చేయదు.

అసలు నా వాదన లేవీకాండం మీద ఆధారపడలేదు, యెషయా 53 మీద. 5వ వచనంలో "మన సమాధానార్థమైన శిక్ష అతనిమీద పడెను". 6లో దోషం మోపినవాడు యెహోవా. 10లో ఆషామ్, అంటే అపరాధపరిహారార్థబలి. ఆషామ్ మామూలు పాపపరిహారార్థబలి కాదు. లేవీ 5:16, 6:5 ప్రకారం తీసుకున్నదాన్ని ఐదోవంతు కలిపి తిరిగి కట్టాలి. బాకీ, దోషం, మోయడం మూడూ కలిసిన బలి అది. గలతీ 3:13లో శాపం, రోమా 8:3లో శరీరమందు పాపానికి శిక్ష. ఇవన్నీ కోర్టు మాటలే, 16వ శతాబ్దంలో ఎవరో తెచ్చిపెట్టినవి కావు.

ఎమ్మాయు దారి

చాలా లాభం కలుగుతోంది, అందరికీ కృతజ్ఞతలు. ఒక చిన్న ప్రశ్న. తరగతిలో రెండు ఉపమానాలు ఎప్పుడూ వాడుతుంటారు. న్యాయాధిపతి జరిమానా వేసి, తానే దిగివచ్చి కట్టడం ఒకటి. రైలు వంతెన కాపలాదారు ప్రయాణికుల కోసం కొడుకును బలిచేయడం రెండోది. వాడొచ్చా?

బెరయ

రెండోది దయచేసి వాడకండి, బ్రదర్. ఆ కథలో కొడుక్కి ఏమీ తెలియదు, చక్రాల్లో ఇరుక్కున్నాడు. యోహాను 10:18లో కుమారుడు తన ప్రాణాన్ని తానే పెడుతున్నాడు, ఎవడూ తీయడం లేదు. తండ్రి ఒకవైపు, కొడుకు ఒకవైపు చీలిపోయిన బొమ్మ వినేవాళ్ల మనసులో నాటుకుంటే, తర్వాత ఎన్ని వివరణలు ఇచ్చినా పోదు. ఈ సిద్ధాంతాన్ని "కొడుకును హింసించే తండ్రి" అని విమర్శించేవాళ్లకు ఆయుధం మనమే అందించినట్టు. హెబ్రీ 9:14లో కుమారుడు, నిత్యుడగు ఆత్మ ద్వారా, దేవునికి తన్ను తాను అర్పించుకున్నాడు. ముగ్గురూ ఒకే పనిలో ఉన్నారు.

జరిమానా ఉపమానం కొంత నయం, కనీసం న్యాయాధిపతీ కట్టేవాడూ ఒకరే. అది తేలిపోయేది ఎక్కడంటే, జరిమానా ఎవరు కట్టినా చెల్లుతుంది, మరణశిక్ష అలా మార్చుకోవడం కుదరదు. "నిర్దోషిని శిక్షించడం న్యాయమా" అని 16వ శతాబ్దపు వేదాంతి సోసినస్ వేసిన ప్రశ్న అక్కడే లేస్తుంది. ఆయన పుస్తకం 1594లో అచ్చయింది, ఆ ప్రశ్నకు పదును ఇప్పటికీ తగ్గలేదు. జవాబు కావాలంటే ఉపమానం వదిలి రోమా 6కి వెళ్లాలి: క్రీస్తు మనకు పరాయివాడు కాదు, మనం ఆయనలో చచ్చాం. ఐక్యత లేకుండా బదులు నిలబడదు.

నెహెమ్యా

మూడో ప్రశ్న మిగిలిపోయింది. 17వ శతాబ్దపు ఇంగ్లండు ప్యూరిటన్ వేదాంతి జాన్ ఓవెన్ వాదం ఇది: క్రీస్తు అందరి పాపాలన్నిటికీ వెల కట్టి ఉంటే అందరూ విడుదల కావాలి. అవిశ్వాసం వల్ల కాలేదంటారా, అవిశ్వాసం కూడా పాపమే, దానికీ వెల కట్టారా లేదా? ఒకే బాకీ రెండుసార్లు వసూలు చేయడం అన్యాయం. కాబట్టి వెల కట్టింది ఏర్పరచబడినవాళ్ల కోసమే, అంటే దేవుడు రక్షణకు ఎంచుకున్నవాళ్ల కోసమే.

ఇది గట్టి వాదం. కానీ దీని మొత్తం బరువు డబ్బు బాకీ పోలిక మీద ఉంది. ఆయన కాలంలోనే మరో ప్యూరిటన్ బోధకుడు రిచర్డ్ బాక్స్టర్ ఆ కీలు పట్టుకున్నాడు. అప్పు పడ్డ సొమ్మునే ఎవరైనా కట్టేస్తే అప్పు ఆ క్షణమే పోతుంది, అప్పులవాడు నమ్మినా నమ్మకపోయినా. శిక్ష విషయంలో వేరొకరు నిలబడితే అది అదే చెల్లింపు కాదు, దానికి సమానమైనది. దాన్ని అంగీకరించేవాడు షరతు పెట్టవచ్చు, ఆ షరతు విశ్వాసం. ఓవెన్ ఒప్పుకోలేదు, అదే చెల్లింపు అన్నాడు. అయితే ఎఫెసీ 2:3 చూడండి. ఏర్పరచబడినవాళ్లు కూడా నమ్మక ముందు "స్వభావసిద్ధముగా దైవోగ్రతకు పాత్రులు". సిలువ దగ్గరే బాకీ దానంతట అది రద్దయి ఉంటే ఆ వచనానికి చోటు లేదు. 2 పేతురు 2:1లో తమను కొన్న ప్రభువునే కాదన్నవాళ్లూ ఉన్నారు.

తీతు

ఎఫెసీ 2:3 మాట న్యాయమైనదే, ఓవెన్ వైపు వాళ్లు దానికి ఇంకా బాగా జవాబు చెప్పాలి. కానీ నెహెమ్యా గారు, కాల్వినిస్టు సంఘాల డోర్ట్ సభ (1618-19) తీర్మానాల రెండో అధ్యాయం 3వ సూత్రం మరిచిపోకండి. క్రీస్తు మరణం విలువ అనంతం, లోకమంతటి పాపాలకూ సమృద్ధిగా చాలినది అనే రాసింది. వివాదం విలువ మీద కాదు, ఉద్దేశం మీద. "కాల్వినిస్టుల దృష్టిలో రక్తం కొందరికే సరిపోతుంది" అని పాఠంలో పడితే అది తప్పు సమాచారం.

సీలోయము

1 తిమోతి 2:6లో అంటిలుట్రోన్ అని ఉంది, "అంటి" ఉంది కాబట్టి ఖచ్చితమైన సమాన వెల, ఒక పరిపూర్ణ ఆదాముకు ఒక పరిపూర్ణ మనిషి అని యెహోవాసాక్షులు చెబుతారు. పదం దాన్ని బలపరుస్తుందా?

కరుణాపీఠం

లేదండి. ఆ పదం కొత్త నిబంధనలో అక్కడొక్కచోటే ఉంది. "అంటి" స్థానం చెబుతుంది, తూకం చెప్పదు. మత్తయి 17:27లో పేతురు చేప నోట్లో దొరికిన షెకెలును "నా కొరకును నీ కొరకును" ఇవ్వాలి, గ్రీకులో ఆ "కొరకు" కూడా అంటియే. ఆ నాణెం ప్రభువుకూ పేతురుకూ సమాన వెల అని ఎవరూ అనరు. ఆదాము క్రీస్తుల పోలిక నిజమే, అది రోమా 5లో ఉంది. కానీ అక్కడ పౌలు నొక్కి చెప్పేది "మరి ఎక్కువగా" అన్న మాట, సరిసమానం కాదు.

నెహెమ్యా

ఇంకొకటి. సిలువ మీద యేసు అన్న "సమాప్తమైనది" (యోహాను 19:30) అంటే రసీదు మీద "పూర్తిగా చెల్లించబడింది" అని రాసే మాట అని బోర్డు మీద రాయకండి. ఆ క్రియకు పన్ను కట్టడం అన్న వాడుక ఉంది, మత్తయి 17:24లో అదే. కానీ యోహాను 19:28లోనే "సమస్తమును అప్పటికి సమాప్తమైనదని" అదే రూపం వచ్చింది, పక్కనే లేఖనం నెరవేరడం ఉంది. యోహాను ఆ మాటను తానే వివరిస్తుంటే రసీదు కట్ట ఎందుకు? బాకీ పత్రం కావాలంటే కొలొస్సయి 2:14 ఉంది, సిలువకు మేకులతో కొట్టిన పత్రం. దాని పక్క వచనంలోనే ప్రధానుల మీద, అధికారుల మీద జయోత్సవం. 1930లో స్వీడన్ వేదాంతి గుస్టాఫ్ ఔలెన్ "దుష్టశక్తుల మీద క్రీస్తు విజయమే ప్రాచీన సిద్ధాంతం" అని వాదించినప్పటి నుంచి బాకీ తీర్చడాన్నీ విజయాన్నీ పోటీదారులను చేశారు. పౌలు ఆ రెంటినీ ఒకే గుక్కలో చెప్పాడు. పత్రం చిరిగిపోయింది కాబట్టే నేరం మోపేవాడి చేతిలో ఆయుధం లేదు.

పత్మాసు

ఆ చివరి వాక్యంతో నాకు పేచీ లేదు. వరస మాత్రం తిరగేసి చెప్పేవాళ్లం మేము. హెబ్రీ 2:14-15లో మరణ బలం గలవాణ్ణి నశింపజేయడం ముందు వస్తుంది, 17లో పాపపరిహారం తర్వాత వస్తుంది.

ఎమ్మాయు దారి

మొదటి పాఠానికి నిర్గమ 30, 38, సంఖ్యా 3 పెడుతున్నాను. రెండు లేవీ 16. మూడు రోమా 3, యెషయా 53. నాలుగు కొలొస్సయి 2, హెబ్రీ 2. ఎలా తెరవాలో ఇంకా తోచలేదు.

బెరయ

లూకా 18:13తో తెరవండి. సుంకరి దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకుంటూ అడిగింది మామూలు కనికరం మాట కాదు. అదే అధ్యాయం 38లో గుడ్డివాడు "నన్ను కరుణించు" అన్నప్పుడు గ్రీకు మాట వేరు. తెలుగులో రెండూ ఒకటే అయిపోయాయి. సుంకరి వాడింది హిలాస్టేరియోన్ కుటుంబపు క్రియ, నిలబడ్డది బలిపీఠం ఉన్న దేవాలయంలో. రెండు వచనాలూ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా ఏమిటని తరగతినే అడగండి.